పిడికెడు బియ్యం మీద నా పేరు

పటాన్‌చెరు దగ్గర ఒక కొత్త ఫ్యాక్టరీకి గోడలు లేస్తున్న రోజులవి. నేనూ ఎస్తేరక్కా అక్కడ కూలికి పోయేవాళ్ళం. ఒక మధ్యాహ్నం ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని ఏటవాలుగా వేసిన చెక్క మీద ఎక్కుతుంటే దగ్గు వచ్చింది. కొన్నాళ్ళుగా వస్తున్న దగ్గే కదా అని ఆగకుండా ఎక్కాను. పైన తట్ట దించి మూతి తుడుచుకుంటే కొంగుకు రక్తం అంటింది. చిగుళ్ళ రక్తం అనుకున్నాను. మళ్ళీ దగ్గాను. ఈసారి ఇసుకలో పడింది. నురగతో, ఎర్రగా ఉంది.

మేస్త్రీ పని ఆపించాడు. కూలివాళ్ళంతా వచ్చి కొంచెం దూరంలోనే నిలబడ్డారు. ఎస్తేరక్క ఒక్కతే దగ్గరికి వచ్చి నా తల పట్టుకుంది. నా వెనకే తట్టతో ఎక్కి వచ్చిన ఆమెకు వెంటనే మాట రాలేదు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి అందేదాకా ఆగి, అప్పుడు అంది.

"భయపడకు సుగుణా. నేనున్న గదా."

ఆమె అలా ఆగడాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అందరూ ఇసుక మీది రక్తాన్నే చూస్తున్నారు. నేనూ అదే చూస్తున్నాను. ఆ రోజు ఆ గోడ మీద జబ్బు మనుషులు ఇద్దరున్నారని ఇప్పుడు నాకు తెలుసు. తోటి క్రైస్తవులకు ఈ సాక్ష్యం రాస్తున్నది అందుకే.

మాది జోగిపేట దిక్కు పల్లె. మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివాను కాబట్టి అక్షరాలు వచ్చు. మా ఆయన దావీదుకు పటాన్‌చెరులో ఒక కార్ఖానాలో హెల్పర్ పని దొరికితే, చంటిపిల్ల మేరీని ఎత్తుకుని వచ్చి ఒక గది కిరాయికి తీసుకున్నాం. పక్క గదిలో లాజరు బావ, ఆయన భార్య ఎస్తేరక్క ఉండేవాళ్ళు. రక్తసంబంధం ఏమీ లేదు. వాళ్ళకు పిల్లల్లేరు. మాకు ఈ ఊళ్ళో దిక్కు లేదు. అలా అక్క, బావ అయ్యారు.

పిడికెడు బియ్యం సంగతి ముందే చెప్పాలి, లేకపోతే నా బాధ మీకు అందదు. మా సంఘాల్లో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు దేవుని పేరున ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం గుడికి తెస్తారు. పస్తున్న ఇంటికి అది పోతుంది. మా పాస్టరు అయ్యగారి భార్యను అందరం అమ్మగారు అంటాం. ఆమె ఈ పాత అలవాటుకు ఇంకొకటి చేర్చింది. సంఘంలోని ఆడవాళ్ళను ఇద్దరిద్దరిని జోడు కట్టింది. పిడికెడు తీసేటప్పుడు నీ జోడు పేరు చెప్పి, ఆమె కష్టం దేవునికి చెప్పాలి. "పెద్ద ప్రార్థనలు రాకున్నా మంచిదే. బియ్యం చేతిల ఉన్నంతసేపు చాలు. వంట మానిన ఇల్లు ఉండదు, ఇగ ప్రార్థన మానిన ఇల్లు కూడా ఉండదు" అనేది. నా జోడు ఎస్తేరక్క.

"ఇయ్యాల నా పేరు చెప్పినవా, ఆకలి మీద మర్చినవా?" అని గోడ అవతల నుంచి అరిచేది.

"చెప్పిన. నీ పేరు చెప్పంగనే పిల్లి వచ్చి పాలు తాగి పోయింది" అనేదాన్ని.

"గా పిల్లికి గూడ ఆకలైతది. దాని పేరు కూడా చెప్పు" అనేది ఆమె. అంతే, ఏడిపిస్తే ఏడవని మనిషి.

సంగారెడ్డి ఆసుపత్రిలో కఫం పరీక్ష చేసి ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టి చూసి, "స్ప్యూటమ్ పాజిటివ్. ఎడమ లంగ్‌లో క్యావిటీ ఉంది. టీబీ" అన్నారు. పిల్లలున్నారా అని అడిగారు. మూడేళ్ళ పాప ఉందన్నాను. "పాపను దూరం పెట్టు. ఒక కంచంలో తినొద్దు, పక్కలో వేసుకోవద్దు. మందులు మానకపోతే బతుకుతావు. సగంలో మానితే ఎవరూ ఏమీ చేయలేరు" అన్నారు. ఆయన మాట కటువుగానే ఉంది గానీ అబద్ధం లేదు.

మేరీని తీసుకుపోవడానికి ఊరి నుంచి అత్తమ్మ వచ్చింది. బస్సు దగ్గర అది నా కొంగు వదల్లేదు. మా ఆయన దాని వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు. నేను ముద్దు పెట్టుకోలేదు. మూతికి కొంగు అడ్డం పెట్టుకుని, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఆ రోజు నా గుండె పగిలిందని రాయడానికి నాకు సిగ్గు లేదు.

ఆదివారం మా ఆయన గుడిలో లేచి నిలబడి నా కోసం ప్రార్థన మనవి చెప్పాడు. టీబీ అని పేరు పెట్టే చెప్పాడు. ఆ పేరు వింటే ఇల్లు ఖాళీ చేయించే రోజులవి. మా సంఘం మాత్రం అలా చేయలేదు. ఆ వారం నుంచి ఆడవాళ్ళంతా తమ జోడు పేరుతో పాటు నా పేరు కూడా పిడికెడు మీద చెప్పారట. దేవుడు వాళ్ళను దీవించుగాక. ఆ మాట మనసారా అంటాను. అయినా ఆ మంచిలోనే ఒక పెద్ద పొరపాటు దాగి ఉంది, అది తర్వాత చెప్తాను.

నన్ను ఊరికి దూరంగా గుట్ట మీదున్న టీబీ ఆసుపత్రిలో చేర్చారు. రోజూ పొద్దున స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్. ఐఎన్‌హెచ్ గోలీలు. పాస్ అనే పొడి ఒకటి, నీళ్ళలో కలిపి తాగితే కడుపులో ఉన్నదంతా పైకి వచ్చేది. కక్కితే మళ్ళీ తాగించేవాళ్ళు. సాయంత్రమయ్యేసరికి జ్వరం. అద్దంలో చూసుకుంటే నా దవడ ఎముకలు నాకే కొత్తగా కనిపించేవి.

ఎస్తేరక్క నెలకోసారి మా ఆయనతో కలిసి వచ్చేది. ఉడకబెట్టిన గుడ్లు, జొన్నరొట్టె, మేరీ కబుర్లు తెచ్చేది. మేరీ అన్న మాటలు అత్తమ్మ దగ్గర విని వచ్చి, దాని గొంతు పెట్టి చెప్పేది. వార్డు మెట్ల మీద మాత్రం కాసేపు కూర్చుని గానీ లోపలికి వచ్చేది కాదు.

"ఏందక్కా గంత దమ్ము?"

"గుట్ట ఎక్కిన గదా. నీ లెక్క మంచం మీద పండుకుంట లేను."

"కాళ్ళు గూడ వాచినట్టున్నయి."

"బస్సుల జాగ దొరకలే. నిలబడి వచ్చిన. నువ్వు డాక్టర్‌వైతున్నవా ఏంది?"

దేనికైనా జవాబు ఆమె నాలుక చివర ఉండేది.

తర్వాత నాకు చెవుల్లో గుయ్యిమని మోత మొదలైంది. లేచి నిలబడితే గది తిరిగేది. ఒక పొద్దున స్నానాల గదికి పోతూ పడిపోయాను. "స్ట్రెప్టోమైసిన్ పడటం లేదు. ఆపాలి" అన్నారు అక్కడి డాక్టరుగారు. మందు మార్చారు. ఆ వారమే మళ్ళీ రక్తం పడింది. కఫం పరీక్షలో ఇంకా పాజిటివే వచ్చింది. "ఓపిక పట్టమ్మా. ఇంకో దారి ఉంది" అన్నారు. నాకైతే అన్ని దారులూ మూసుకుపోయినట్టే అనిపించింది. గోడ వైపు తిరిగి పడుకుని, నేను పోతే మేరీ జడ ఎవరు వేస్తారు అని అదే ఆలోచన చేశాను.

ఆ నెల అక్క వచ్చినప్పుడు, మా ఆయన బయట మందుల కోసం నిలబడి ఉండగా, ఈ సంగతులన్నీ చెప్పి ఏడ్చాను. ఆమె నా వీపు నిమురుతూ వింది. అప్పుడే డాక్టరుగారు వార్డులోకి వచ్చారు. నన్ను చూడాల్సిన మనిషి ఆమెను చూస్తూ నిలబడిపోయారు. మెడ వైపు చూశారు, కాళ్ళ వైపు చూశారు.

"ఈమె ఎవరు?"

"మా అక్క సార్."

"అమ్మా, నీకు ఆయాసం ఎప్పటి నుంచి?"

"గుట్ట ఎక్కితే వస్తది సార్, గంతే."

ఆయన స్టెత్ ఆమె రొమ్ము మీద పెట్టి చాలాసేపు విన్నారు. "మర్మర్ ఉంది. ఇది లంగ్స్ జబ్బు కాదు, హార్ట్. వాల్వ్ చెడినట్టుంది. మా దగ్గర చూసేది కాదు. సంగారెడ్డి పోయి చూపించుకో, వాళ్ళు పట్నం పంపుతారు. ఆలస్యం చేయకు" అన్నారు.

ఆయన అటు వెళ్ళగానే నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. రేపే పొమ్మన్నాను. ఆదివారం గుడిలో లేచి మనవి చెప్పమన్నాను. అయ్యగారికి మా ఆయనతో కబురు పంపుతానన్నాను.

"ఒద్దు. ఎవ్వరికీ చెప్పొద్దు" అంది. "మా నాయన ఏదన్న అడగనీకి పటేలు గడికాడికి పోతే ఒక్క పని మీదనే పోయేటోడు. ఒకటి తీరకముందే రెండోది అడిగితే రెండూ పోతయని అంటుండె. ఇప్పుడు నీది అడుగుతున్న గదా. నీది కానియ్యి. ఇంక పాజిటివ్ అంటున్రు గదనే."

"గిదేం లెక్కక్కా?"

"నా లెక్క గిట్లనే ఉంటది. దవాఖానకైతే పోత, సరేనా? పరేషాన్ కాకు."

మరుసటి నెల ఆమె రాగానే మొదటి మాట అదే అడిగాను. పోయానంది. గోలీలు ఇచ్చారంది. తగ్గిందంది. కొంగు సర్దుకుంటూ, నా కళ్ళలోకి చూస్తూ చెప్పింది. నేను నమ్మాను. ఆమె అబద్ధం ఆడగా నేను ఎన్నడూ చూడలేదు, నమ్మక ఏం చేస్తాను.

ఆ తర్వాతి నెల మా ఆయన ఒక్కడే వచ్చాడు. "అక్క జోగిపేటకు పోయింది, తమ్ముని ఇంటికి. కొన్ని దినాలు ఆడనే ఉంటదట" అన్నాడు. ఆ పై నెల కూడా ఒక్కడే వచ్చాడు. నాకు కోపం వచ్చింది. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్ళకు కోపం తొందరగా వస్తుంది. తమ్ముని ఇల్లు అంత తియ్యగా ఉందా, ఒక్కసారి కనబడి పోతే ఏం పోతుంది అని మా ఆయన మీదే అరిచాను. ఆయన తల వంచుకుని గుడ్డు పెంకు తీస్తూ కూర్చున్నాడు.

కొత్త మందు పని చేసింది. జ్వరం ఆగింది. ఆకలి వేసింది. కఫం నెగెటివ్ వచ్చింది, మళ్ళీ చూసినా నెగెటివే. డాక్టరుగారు కొత్త ఎక్స్‌రే కిటికీకి పెట్టి, "క్యావిటీ మూసుకుంది. ఇంటికి పో. మందులు మాత్రం చెప్పినన్నాళ్ళూ వాడాలి" అని నవ్వారు. నాకు మొదట తట్టింది మేరీ. రెండోది ఎస్తేరక్క. ఆమె మనవి తీరిపోయింది, ఇక తన కోసం కూడా అడుక్కొమ్మని ఆమెతో చెప్పాలి అనుకున్నాను.

పటాన్‌చెరులో బస్సు దిగి, "ముందు అక్క ఇంటికి పోదాం. తమ్ముని ఇంటి నుంచి వచ్చి ఉంటది, నాలుగు మాటలు అడిగేది ఉన్నది" అన్నాను. నిజంగానే పోట్లాట సిద్ధం చేసుకున్నాను. మా ఆయన కదల్లేదు. అక్కడి చాయ్ హోటల్ బెంచీ చూపించాడు.

"సుగుణా, జెర కూసో."

"ఏందో చెప్పు."

"అక్క లేదు. జోగిపేటకు పోలే. దవాఖానల పానం పోయింది. నీకు చెప్పొద్దని డాక్టర్ అన్నడు. అప్పుడు చెప్తె నువ్వు తట్టుకోవన్నడు."

నేను కోపపడిన నెలలన్నీ ఆమె మట్టిలో ఉంది. ఆ బెంచీ మీద ఎంతసేపు ఉన్నానో నాకు తెలియదు. ఎవరో చాయ్ తెచ్చి పెట్టారు, అది చల్లారిపోయింది.

లాజరు బావ గది ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. అడగకుండానే చెప్పాడు.

"పొయ్యి కాడ నిలబడుడు కాకపోతుండె. నేనే వండేటోన్ని. చేట మంచం కాడికి తెమ్మనేది. పిడికెడు తీసి నీ పేరు చెప్పి, 'ఇగ వండుకో' అనేది. 'నీ పేరు కూడా చెప్పుకోరాదే' అని నేనంటే, 'సుగుణది కానియ్యి, తర్వాత నాది పెడత' అన్నది. సంఘంల చెప్తనంటే వద్దని నాతోని మాట తీసుకున్నది. దవాఖానకు పోదామంటే రేపు, ఎల్లుండి అన్నది. దమ్ము ఆడక కూసొనే నిద్రపోయేటిది, సుగుణా."

చివరికి ఆయన సంగారెడ్డి తీసుకుపోయాడు. "ఇంతకాలం ఏం చేశారు? వాల్వ్ ఇరుకైపోయింది. లంగ్స్‌లో నీరు చేరింది. ముందే తెస్తే ఆపరేషన్‌కు పట్నం పంపేవాళ్ళం" అన్నారట అక్కడి డాక్టరు. పట్నం పంపే వీలు లేకుండానే అయిపోయింది. నాకు నెగెటివ్ వచ్చిన కబురు అప్పటికి ఇంకా రాలేదు. అంటే తన వంతు వచ్చిందని కూడా ఆమెకు తెలియలేదు.

అమ్మగారు నన్ను చూడటానికి వచ్చినప్పుడు నేను మెత్తగా మాట్లాడలేదు.

"అమ్మగారూ, నేను దవాఖానల ఉన్నప్పుడు నాకు పొయ్యి లేదు, బియ్యం లేదు. బ్రెడ్డు, పాలు ఇచ్చేటోళ్ళు. మరి మా జోడుల అక్క పేరు ఎవరు చెప్పిన్రు?"

 "అందరం నీ పేరే చెప్పినం సుగుణా" అంది ఆమె. చెప్పి ఏడ్చింది. నేను ఓదార్చలేదు. వంట మానిన ఇల్లు ఉండదన్న ఆమె మాట నిజమే. కానీ వండే మనిషి మంచాన పడితే ఆమె జోడు గతి ఏమిటో ఎవరం ఆలోచించలేదు. అన్ని పిడికెళ్ళూ నా మీద పడ్డాయి. ఎస్తేరక్క పేరు మీద ఒక్క గింజ పడలేదు. ఎప్పుడూ ప్రార్థించే మనిషి కాబట్టి ఆమెకు ఏ కష్టమూ లేదని అందరూ అనుకున్నారు.

నేను కూడా మంచం మీద ప్రార్థించాను. నా లంగ్స్ గురించి, నా బిడ్డ గురించి. అక్కకు తగ్గించినందుకు స్తోత్రం కూడా చెప్పాను. తగ్గని జబ్బుకు స్తోత్రం చెప్పాను.

అక్క అన్న పటేలు మాట నా దగ్గర విని, అయ్యగారు ఆదివారం ప్రసంగంలో, "దేవుడు పటేలు కాదు, ఒక్క పని మీదనే రమ్మనడానికి" అన్నారు. అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మంచి మాటే. ఆమె బతికుండగా ఎవరైనా ఆ మాట ఆమె చెవిన వేసి ఉంటే ఎంత బాగుండేది.

మీ కోసం ప్రార్థించారు, మీరు బతికారు, ఆమె కోసం ప్రార్థించలేదు, ఆమె పోయింది, అంతేనా అని ఒకరు నన్ను అడిగారు. అలా నేను అనను. దేవుని లెక్కలు నాకు తెలియవు. ప్రార్థించినా పోయినవాళ్ళను ఆ గుట్ట మీద చాలామందిని చూశాను. నాకు తెలిసింది ఇంతే. ఒకరి పేరు పొద్దునా సాయంత్రం చెప్పేవాళ్ళు, చెప్పడానికి ముందు ఆమె మొహం చూస్తారు. ఇయ్యాల ఎట్లున్నవే అని అడుగుతారు. అబద్ధం చెప్తే పసిగడతారు. ఎస్తేరక్క పేరు ఎవరి నోట్లోనైనా ఉండి ఉంటే, ఆమె వాచిన కాళ్ళు ఎవరి కంటనైనా పడేవి. క్రైస్తవులం ఒకరి కోసం ఒకరం ప్రార్థించాలన్నది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఒకరి కోసం అందరూ ప్రార్థిస్తే అది సగమే అయింది.

ఇంటికి వచ్చాక మొదటిసారి ఎసరు పెట్టిన పొద్దు నేను మర్చిపోలేను. చేటలో చెయ్యి పెట్టి పిడికెడు తీశాను. అలవాటు కొద్దీ ఆమె పేరు నోటిదాకా వచ్చింది. చనిపోయినవాళ్ళ కోసం మనం ప్రార్థించం, మన విశ్వాసం అది. ఆమెకు ఇప్పుడు నా ప్రార్థనతో పని లేదు, ఆయాసం లేని చోట ఉంది. అది నేను నమ్ముతాను. నమ్మినా, పేరు చెప్పడానికి లేక పిడికిలి బిగించుకుని పొయ్యి ముందు కూలబడి ఏడ్చాను. ఎసరు మరిగి మరిగి ఇంకిపోయింది. మా ఆయన వచ్చి మళ్ళీ నీళ్ళు పోశాడు.

ఇప్పుడు నాకు ఒంట్లో బాగానే ఉంది. మందులు చెప్పినన్నాళ్ళూ వాడాను, ఒక్క పూట మానలేదు. మేరీ కొన్నాళ్ళు నన్ను చూసి అత్తమ్మ వెనక దాక్కుంది. ఇప్పుడు బడికి పోతోంది, జడ నేనే వేస్తాను. లాజరు బావకు రోజూ మా ఇంట్లోనే అన్నం. ఆయన పేరు నా పిడికెడు మీద ఉంది. అక్క మీద కోపం మాత్రం పూర్తిగా పోలేదు. ఎప్పుడైనా గోడ అవతలికి వినబడేటట్టు, "ఎందుకు చెప్పలేదే" అని అడుగుతాను.

మా సంఘంలో ఇప్పుడు ఇద్దరిద్దరం కాదు, ముగ్గురు ముగ్గురం. అమ్మగారే మార్చింది. ఒకరు మంచాన పడితే మిగిలిన ఇద్దరూ ఆమె కోసం ప్రార్థిస్తారు, వాళ్ళిద్దరూ ఒకరి కోసం ఒకరు కూడా ప్రార్థిస్తారు. మీ సంఘంలో కూడా అలా చేసుకోండి. నీ కోసం ప్రార్థన చేస్తున్నానని ఎవరైనా మీతో అంటే, సంతోషించి ఊరుకోకండి. ఆమెను కూర్చోబెట్టి, నీకేం కష్టముంది అని అడగండి. నాకేమైతది అంటే నమ్మకండి. కాళ్ళు చూడండి, ఊపిరి వినండి. దవాఖానకు పోయానంటే ఎవరు చూశారు, ఏ మందు ఇచ్చారు అని అడగండి, పోలేదని తెలిస్తే చెయ్యి పట్టుకుని మీరే తీసుకుపోండి. ఇదంతా బియ్యం ఇంకా చేటలో ఉండగానే చేయండి. ఎసట్లో పోశాక పిడికెడు తీయడం కుదరదు.